వైన్, వంట ఇష్టపడేవాళ్లకి ఏం ఇస్తే నిజంగా వాడతారు?

వెన్నెలబాట

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా అక్కాబావల పెళ్లిరోజు. 2000లో పెళ్లయింది, 25 ఏళ్లు నిండుతున్నాయి. బావకి వైన్ అంటే ప్రాణం, అక్కకి వంట. ఇద్దరికీ కలిపి ఒకటి ఇవ్వాలా, విడివిడిగా ఇవ్వాలా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను.

మూడేళ్ల క్రితం బావ పుట్టినరోజుకి బ్యాటరీతో పనిచేసే కార్క్ ఓపెనర్ ఇచ్చాను. చాలా బాగుంది అన్నారు. మొన్న వాళ్లింట్లో ప్లేట్లు తీద్దామని అల్మరా తెరిస్తే పై అరలో అదే పెట్టె కనిపించింది. మూతకి అంటించిన టేపు కూడా ఊడలేదు. బావ మీద కోపం రాలేదు. ఇన్నేళ్లుగా చూస్తున్న మనిషికి ఏం కావాలో నాకు తెలియలేదే అని బాధేసింది. ఈసారి అలా జరగకూడదు. వైన్ గురించి నాకు పెద్దగా తెలియదు, దయచేసి చెప్పండి.

మిరియాలపొడి

డికాంటర్ ఇచ్చెయ్యండి, సీసాలోంచి వైన్ వంచి పెట్టుకునే పాత్ర. హంస మెడలా వంపు తిరిగిన గాజుది. టేబుల్ మీద పెడితే గదికే అందం వస్తుంది. నేను ముగ్గురు స్నేహితులకి ఇచ్చాను, అందరూ సంతోషించారు.

సాయంకాలం

మిరియాలపొడి గారూ, నాకు అలాంటిదే ఒకటి వచ్చింది కాబట్టి చెప్తున్నాను. చూడ్డానికి నిజంగానే బాగుంటుంది. కడిగేటప్పుడు ఉంటుంది అసలు సంగతి. మెడ సన్నం, బ్రష్ దూరదు. నాలుగుసార్లు వాడేసరికి అడుగున ఎర్రటి చార పడింది. పుల్లకి గుడ్డ చుట్టి తుడిచాను, గుడ్డ లోపలే ఉండిపోయింది. చివరికి ఆరడానికి బోర్లించి పెడితే జారి పగిలింది. ఇచ్చిన ఆవిడ ఇప్పటికీ దాని గురించి అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియదు.

డికాంటర్ చేసే పనులు రెండే. పాత వైన్ అడుగున పేరుకున్న మడ్డిని వేరు చెయ్యడం ఒకటి, వగరు ఎక్కువగా ఉన్న కొత్త రెడ్ వైన్‌కి గాలి తగిలించడం ఒకటి. ఈ రెండింటికీ నోరు వెడల్పుగా, అడుగు చదునుగా ఉన్న మామూలు గాజు జగ్గు సరిపోతుంది. డికాంటరే ఇవ్వాలనుకుంటే చెయ్యి పట్టేంత నోరు ఉన్నది చూడండి. దాంతోపాటు శుభ్రం చెయ్యడానికి వాడే చిన్న స్టీలు గుళ్లు కూడా ఇవ్వండి. నీళ్లు పోసి ఆ గుళ్లు వేసి తిప్పితే చార వదులుతుంది.

పాతసీసా

వెన్నెలబాట గారూ, నేను పదకొండేళ్లుగా రెస్టారెంట్లో వైన్ వడ్డించే పనిలో ఉన్నాను. బహుమతి గురించి నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతుంటారు. అందరూ "ఏ వైన్ మంచిది" అనే మొదలుపెడతారు. నేను తిరిగి వేరే ప్రశ్నలు అడుగుతాను, మిమ్మల్ని కూడా అవే అడుగుతున్నాను.

బావగారు వారంలో ఎన్నిసార్లు తాగుతారు? ఒక్కరేనా, ఎవరితోనైనానా? సీసాలో మిగిలింది ఏమవుతుంది? సీసాలు ఇంట్లో ఎక్కడ పెడతారు? అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: వైన్ దగ్గర ఆయన ఎప్పుడైనా విసుక్కోవడం గానీ, ఇబ్బంది పడటం గానీ చూశారా? మనిషికి ఏం కావాలో ఆయన ఇష్టాల కన్నా ఆ ఇబ్బంది బాగా చెప్తుంది.

వెన్నెలబాట

పాతసీసా గారూ, చాలా థ్యాంక్స్. గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

వారంలో రెండు మూడు రాత్రులు, భోజనంతో ఒక్క గ్లాసు. అక్క తాగదు, రుచి చూసి ఇచ్చేస్తుంది. మిగిలింది కార్క్ పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతారు. నాలుగైదు రోజులకి రుచి పోయిందంటూ అక్కకి వంటలోకి ఇచ్చేస్తారు. సీసాలు పడకగది అల్మరా కింది అరలో, చీకట్లో, పడుకోబెట్టి ఉంటాయి.

ఇబ్బంది అంటే ఒకటి బాగా గుర్తుంది. పోయినేడాది స్నేహితుడిచ్చిన పాత సీసా తీశారు. సగం పైకి వచ్చాక కార్క్ విరిగింది. మిగతా సగంలోకి మళ్లీ మర దించితే పొడిపొడి అయిపోయింది. చివరికి లోపలికి నెట్టేసి, టీ వడకట్టే జల్లెడతో వడపోశారు. అయినా గ్లాసులో చిన్న చిన్న ముక్కలు తేలుతున్నాయి. చెంచా కాడతో ఒక్కొక్క ముక్కా అంచుకి లాగి తీస్తూ చాలాసేపు కూర్చున్నారు, ఏం మాట్లాడలేదు. అక్క "పర్లేదులే తాగండి" అంటే, "ఇలాంటిది ఇంకోటి లేదు" అన్నారు.

పాతసీసా

మీ బహుమతి ఏంటో మీరే చెప్పేశారు.

పాత కార్క్ ఎండి సాగే గుణం పోగొట్టుకుంటుంది. మామూలు ఓపెనర్ మర దాన్ని నడిమధ్యలో తొలిచి పైకి లాగుతుంది. బలంగా ఉన్న కార్క్ ఆ లాగుడు తట్టుకుంటుంది, పాతది విరిగిపోతుంది. బ్యాటరీ ఓపెనర్‌తో ఇంకా కష్టం, కార్క్ ఎంత బిగువుగా ఉందో చేతికి తెలియనే తెలియదు. ఆయన మీ పెట్టె తెరవకపోవడానికి కారణం బహుశా అదే. కార్క్ కదలడం వేళ్లకి తెలియాలని కోరుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

దీనికోసమే రెండు రేకుల ఓపెనర్ ఉంది. "ఆ-సో" అని అడగండి. పిడికి రెండు సన్నటి ఉక్కు రేకులు ఉంటాయి, ఒకటి కొంచెం పొడుగు. ముందు పొడుగు రేకుని కార్క్‌కీ గాజుకీ మధ్య దించాలి, తర్వాత రెండోది. అటూ ఇటూ ఊపుతూ పూర్తిగా దింపాక, మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి. కార్క్‌కి ఎక్కడా చిల్లు పడదు, చుట్టూ పట్టుకుని బయటికి తెస్తుంది. మొదట్లో రెండు మూడు మామూలు సీసాల మీద అలవాటు చేసుకోమనండి. కార్క్ మరీ వదులుగా ఉంటే రేకులు దించేటప్పుడు లోపలికి జారిపోతుంది, అక్కడ నిదానం కావాలి.

ఆయన ఇప్పుడు వాడేది జేబులో పట్టే మడత ఓపెనర్ అయి ఉండాలి, చిన్న కత్తీ, మరా, ఒక మీట ఉండేది. 1882లో కార్ల్ వీంకె అనే జర్మన్ పేటెంట్ తీసుకున్న నమూనా అది. నేటికీ మా చేతుల్లో ఉండేది అదే. ఆ అలవాటుని మార్చే వస్తువు ఇవ్వకండి. ఆ అలవాటు ఎక్కడ సరిపోవడం లేదో అక్కడికి పనికొచ్చేది ఇవ్వండి.

నీలిమేఘం

చాలా మంచి సలహా. కానీ 25 ఏళ్ల పెళ్లిరోజుకి ఓపెనర్ ఒక్కటే చిన్నదిగా ఉండదూ? గ్లాసులు ఆలోచించండి. ఆస్ట్రియాలో రీడెల్ కుటుంబానికి చెందిన క్లాజ్ రీడెల్ 1958లో బర్గండీ గ్రాండ్ క్రూ అనే వైన్ గ్లాసు తెచ్చాక, ఏ ద్రాక్షకి ఆ గ్లాసు అనే ఆలోచన జనంలోకి వెళ్లింది. ఒకసారి పలచటి గ్లాసులో తాగినవాళ్లకి మందపాటి గ్లాసు మళ్లీ నచ్చదు.

సాయంకాలం

పలచటి గ్లాసు సంగతి ఒప్పుకుంటాను. ద్రాక్షకో గ్లాసు మాత్రం ఇంటికి అక్కర్లేదండి. ఆరు రకాలు ఆరేసి చొప్పున ఇస్తే పెట్టుకోవడానికి చోటేది? రుచి చూసేవాళ్లు వాడే ఐఎస్‌ఓ గ్లాసు ఒకటి ఉంది, 1977 నాటి ప్రమాణం. మొత్తం 215 మిల్లీలీటర్లు పడుతుంది, అడుగున వెడల్పుగా, పైకి వెళ్లేకొద్దీ మూసుకునే మొగ్గలా ఉంటుంది. వాసన బయటికి పోకుండా ముక్కు దగ్గర నిలవడానికే ఆ ఆకారం. భోజనానికి అది చిన్నదే, కానీ సూత్రం మాత్రం అదే. మొగ్గ ఆకారం, పలచటి అంచు, పట్టుకోవడానికి కాడ. అన్ని వైన్లకీ సరిపోయేవి రెండు చాలు. ఒకటి పగిలినప్పుడు అదే రకం దొరికే కంపెనీ చూసుకోవాలి, అంతే.

నీలిమేఘం

రెండు చాలంటే నేనూ ఒప్పుకుంటాను. అక్కగారు కూడా రుచి చూస్తారుగా, ఆవిడకీ ఒకటి అవుతుంది.

మిరియాలపొడి

నా డికాంటర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ముగ్గురిలో ఒకరికి ఫోన్ చేసి అడిగాను, రెండేళ్లుగా దాంట్లో పూలు పెడుతున్నారట.

ఇంకో ఆలోచన. పెళ్లయింది 2000లో కదా, 2000 నాటి వైన్ సీసా ఇస్తే? పాతసీసా గారు చెప్పిన రెండు రేకుల ఓపెనర్‌కి అది జోడీ అవుతుంది.

పాతసీసా

ఆలోచన చాలా బాగుంది, కానీ జాగ్రత్తగా చెయ్యాల్సిన పని. అమ్ముడయ్యే వైన్లలో ఎక్కువ భాగం కొన్నేళ్లలో తాగడానికి చేసినవే. 25 ఏళ్లు నిలిచేవి కొన్నే. పోర్చుగల్ డౌరో లోయ నుంచి వచ్చే వింటేజ్ పోర్ట్ (ఒకే ఏడాది పంటతో, స్పిరిట్ కలిపి చేసే తీపి వైన్), మదీరా దీవి వైన్, ఫ్రాన్స్‌లో సోటెర్న్, హంగరీలో టోకాయ్, ఇటలీలో మంచి బరోలో, ఫ్రాన్స్‌లోనే బోర్డో ప్రాంతంలో పెద్ద తోటలవి. తీపి గానీ, ఆమ్లం గానీ, వగరు గానీ, కలిపిన స్పిరిట్ గానీ, వీటిలో ఏదో ఒకటి గట్టిగా ఉంటేనే వైన్ అన్నేళ్లు నిలుస్తుంది.

మీ అదృష్టం, 2000 పోర్ట్‌కి మంచి ఏడాది. పోర్ట్ తయారుచేసేవాళ్లు ప్రతి ఏడాదీ వింటేజ్ ప్రకటించరు. పంట బాగా నచ్చిన ఏడాదే ప్రకటిస్తారు. 1994, 1997, 2000, 2003, 2011 అలాంటివి. కాబట్టి 2000 వింటేజ్ పోర్ట్ వెతికితే దొరుకుతుంది. బోర్డో కూడా ఆ ఏడాది బాగుంది.

కొనేముందు చూడాల్సినవి: సీసాలో వైన్ మట్టం మెడ దాకా ఉండాలి, భుజం కిందికి దిగితే వదిలెయ్యండి. కార్క్ పైకి ఉబ్బి ఉన్నా, కారిన మరక ఉన్నా వద్దు. ఇన్నేళ్లూ ఎక్కడ ఉంచారో అమ్మేవాళ్లు చెప్పగలగాలి. 10 నుంచి 15 డిగ్రీల మధ్య, ఎండ తగలకుండా ఉన్నదైతేనే తీసుకోండి. అద్దాల షెల్ఫ్‌లో దీపం కింద నిలబెట్టి ఉన్నదాన్ని ముచ్చటపడి కొనకండి.

ఇంకో మాట. పాత వింటేజ్ పోర్ట్ తెరిస్తే ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి. రాత్రికి ఒక్క గ్లాసు తాగే ఇంట్లో 750 మిల్లీలీటర్ల సీసా అయిపోదు. నలుగురు కూర్చునే రోజున తెరవమని చెప్పి ఇవ్వండి. తెరిచే ముందు ఒక రోజంతా నిలబెట్టి ఉంచాలి, మడ్డి అడుగుకి దిగుతుంది. ఆ తర్వాత కదపకుండా జగ్గులోకి వంచాలి.

వెన్నెలబాట

ఇంత వివరంగా రాసినందుకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. వాళ్ల పెద్దమ్మాయి 2001లో పుట్టింది. ఆ ఏడాదిది ఏదైనా బాగుంటుందా అండి?

పాతసీసా

2001 అయితే సోటెర్న్, ఫ్రాన్స్ తీపి వైన్. ఇటీవలి దశాబ్దాల్లో అక్కడ వచ్చిన గొప్ప ఏళ్లలో అదొకటి. తోటలో ద్రాక్షకి ఒక రకం బూజు పట్టి నీరు ఇంకిపోతుంది, తీపీ వాసనా చిక్కబడతాయి. ఆ పళ్లని ఏరి ఏరి కోసి చేస్తారు. 375 మిల్లీలీటర్ల సగం సీసాల్లో కూడా వస్తుంది. మీ ఇంటికి సరిగ్గా ఆ పరిమాణమే కావాలి. తీపి ఎక్కువ కాబట్టి తెరిచాక ఫ్రిజ్‌లో కొన్ని రోజులు నిలుస్తుంది కూడా.

కత్తిపీట

అందరూ బావగారి చుట్టూనే తిరుగుతున్నారు, అక్కగారి మాటెవరూ ఎత్తలేదు.

వెన్నెలబాట గారూ, పాతసీసా గారి ప్రశ్నే నేను వంటగది వైపు నుంచి అడుగుతాను. అక్క ఏ కత్తి వాడుతుంది? టమాటా కోసేటప్పుడు ఆ కత్తి తొక్కలోకి దిగుతుందా, తొక్క మీద జారి కాయని నొక్కేస్తుందా? ఒకసారి గమనించి చెప్పండి.

వెన్నెలబాట

నిన్న కావాలనే వెళ్లి చూశాను. చెక్క పిడి ఉన్న పాత కత్తి ఒకటే అన్నిటికీ. బొటనవేలు పెట్టే చోట పిడి అరిగి గుంట పడింది. టమాటా తొక్క తెగక, మొనతో ముందు పొడిచి, ఆ గాటులోంచి కోస్తోంది. కొత్తది కొనుక్కోవచ్చుగా అంటే, "ఇది నా చేతికి అలవాటైంది, ఇంకోటి వద్దు" అంది.

కత్తిపీట

అయితే కత్తి ఇవ్వకండి, పదును ఇవ్వండి.

ఆ కత్తిని సాన పట్టించి ఇవ్వడమే మంచి బహుమతి. తనే పట్టుకోవాలని ఇష్టపడితే 1000 గ్రిట్ (గరుకు ఎంతో చెప్పే అంకె) సానరాయి ఒకటి కొనండి. మొద్దుబారిన అంచుని మళ్లీ నిలబెట్టడానికి ఇంటి వాడకంలో ఆ ఒక్క రాయి చాలు. పది నిమిషాలు నీళ్లలో నానబెట్టేవి ఉంటాయి, నీళ్లు చల్లితే చాలనేవీ ఉంటాయి, డబ్బా మీద చూసుకోండి. కింద జారకుండా తడిగుడ్డ వెయ్యాలి. కత్తిని రాయికి 15 నుంచి 20 డిగ్రీల కోణంలో ఆనించి, ఆ కోణం మారకుండా తొయ్యాలి. ఒక వైపు అంచు పొడవునా వేలికి సన్నటి గరుకు తగిలాక రెండో వైపు. గరుకు చూసేటప్పుడు వేలు అంచుకి అడ్డంగా బయటికి జరపాలి, పొడవునా జరపకూడదు.

మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాలి, అందుకే జారి చెయ్యి తెగుతుంది. పదును పెట్టడం అంటే ఆవిడ వేళ్లని కాపాడటం కూడా.

దాంతో పాటు సన్నగా కోరే పొడుగు కోరు ఒకటి చూడండి, మైక్రోప్లేన్ అంటారు. అది మొదట కొయ్య చెక్కే ఆకురాయిగా వచ్చింది. 1994లో కెనడాలో ఒక పనిముట్ల దుకాణం నడిపే కుటుంబంలో ఒకావిడ కేకు కోసం నారింజ తొక్క కోరడానికి దాన్ని వాడి చూసింది. అలా వంటగదిలోకి వచ్చింది. నిమ్మ తొక్క, జాజికాయ, అల్లం, గట్టి చీజ్, అన్నిటికీ పనికొస్తుంది. నిమ్మ తొక్కలో పసుపు పొర మాత్రమే వస్తుంది, కింద ఉన్న చేదు తెల్లటి పొర రాదు.

నీలిమేఘం

తినేవి ఏమైనా కలిపి పెట్టెలా ఇస్తే? మంచి ఆలివ్ నూనె, బాల్సమిక్ వెనిగర్, చీజ్, అలాంటివి.

సాయంకాలం

పెట్టె కన్నా ఒకటే మంచిది ఇవ్వమంటాను. దుకాణాల్లో అమ్మే పెద్ద బుట్టల్లో సగం కాగితం పీచే ఉంటుంది, మిగతాదాంట్లో ఇష్టమైనవి రెండుంటే ఎక్కువ.

ఆలివ్ నూనె అయితే లేబుల్ మీద పంట కోసిన తేదీ ఉన్నది చూడండి. ఏళ్లు గడిచేకొద్దీ బాగుపడేది కాదు అది, కొత్తదే మంచిది. సీసా ముదురు రంగుదై ఉండాలి, వెలుతురు దాన్ని పాడు చేస్తుంది.

బాల్సమిక్‌లో రెండు లోకాలున్నాయి. మామూలుగా దొరికే, ఇటలీలోని మోదెనా బాల్సమిక్ ఐజీపీకి (ఏ ప్రాంతానిదో చెప్పే ముద్ర ఉన్నదానికి) కనీసం 60 రోజులు ఉంచితే చాలు. "త్రాదిజ్యోనాలే" అని రాసి ఉన్నది వేరు. వండిన ద్రాక్షరసం మాత్రమే, ఒకదాని కన్నా ఒకటి చిన్న కొయ్య పీపాల వరుసలో కనీసం 12 ఏళ్లు. "ఎక్స్‌ట్రావెక్కియో" అయితే 25 ఏళ్లు! మోదెనాలో దాన్ని 100 మిల్లీలీటర్ల గుండ్రటి సీసాలోనే నింపుతారు. ఆ సీసా గీసింది కార్ల డిజైనర్ జార్జెత్తో జ్యుజారో. పెళ్లికి 25 ఏళ్లయితే, అన్నేళ్లు పీపాలో ఉన్నదాన్ని చుక్కలు చుక్కలుగా వాడుకోవడం కన్నా ఏం కావాలి? పొయ్యి మీద పెట్టేది కాదు, వడ్డించాక పైన నాలుగు చుక్కలు.

కత్తిపీట

సాయంకాలం గారూ, 25 ఏళ్లది ఖరీదు చాలా ఎక్కువ, ఆ సంగతి కూడా చెప్పాలి. 12 ఏళ్లది ఇచ్చినా ఎవరూ తక్కువ అనుకోరు.

ఇంట్లో చేసి ఇచ్చేవాళ్లకి ఒక హెచ్చరిక. పచ్చి వెల్లుల్లి గానీ, పచ్చి ఆకులు గానీ నూనెలో వేసి, అందమైన సీసాలో పెట్టి ఇస్తుంటారు. బయట ఉంచితే గాలి తగలని ఆ నూనెలో బొట్యులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది. రంగు మారదు, వాసన రాదు, ఏదీ తెలియదు. అది మాత్రం ఎవరికీ ఇవ్వకండి. చేత్తో చేసి ఇవ్వాలనుకుంటే బాగా ఎండినవి ఇవ్వండి, మసాలా పొడులు, ఉప్పులో కలిపి ఆరబెట్టిన నిమ్మ తొక్క, అలాంటివి.

గంధపుచెక్క

నేను ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. కొంచెం వేరే విషయం, కానీ ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మా నాన్నగారు తిండి అంటే పడిచచ్చే మనిషి. వైన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఐదు నిమిషాలు అలాగే ఉండేవారు. మూడేళ్ల క్రితం జ్వరం వచ్చి తగ్గాక వాసన పూర్తిగా పోయింది. ఆ తర్వాతి పుట్టినరోజుకి తెలియనివాళ్లు సీసాలు తెచ్చారు, చాక్లెట్లు తెచ్చారు. ఆయన నవ్వుతూ తీసుకున్నారు. అందరూ వెళ్లాక ఒక సీసా తెరిచి, వాసన చూసి, మూత పెట్టేశారు. ఆ రాత్రి భోజనం దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత డాక్టర్ గారు వాసన సాధన చెయ్యమన్నారు. గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం, ఈ నాలుగు నూనెలూ రోజుకి రెండుసార్లు, ఒక్కొక్కటి కొన్ని సెకన్లు, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ పీల్చాలి. నెలల తరబడి చెయ్యాలి. నేను నాలుగు చిన్న గాజు సీసాలు కొని, ఒక్కోదాని మీద నా చేతిరాతతో పేరు రాసి, కొయ్య పెట్టెలో పేర్చి ఇచ్చాను. ఆయనకి ఎన్నో ఇచ్చాను గానీ ఆ పెట్టెని వాడినట్టు ఇంకేదీ వాడలేదు. ఏడో నెలలో ఒక పొద్దున లవంగం తెలిసిందని కేకేసి పిలిచారు.

అది వచ్చేలోగా ఆయన ఇష్టంగా తిన్నవి వేరు. వాసన పోయినా నాలుకకి ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తాయి. కారం మంట తెలుస్తుంది, కరకరలాడేది తెలుస్తుంది, చల్లదనం తెలుస్తుంది. పెళుసు రేకుల్లా ఉండే ఉప్పు ఒకటి ఇచ్చాను, పళ్ల కింద పటపటమనేది. దాన్ని అన్నిటి మీదా చల్లుకునేవారు.

అందుకే ఎవరికైనా ఇచ్చేముందు ఇప్పుడు వాళ్లు ఎలా ఉన్నారో అడగండి. మందులు వాడుతూ ఉండొచ్చు, తాగడం మానేసి ఉండొచ్చు. ఐదేళ్ల క్రితం ఇష్టమైనదే ఇప్పటికీ ఇష్టం అనుకోవద్దు.

పాతసీసా

గంధపుచెక్క గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా పనికి ముక్కే ఆధారం. జలుబు చేసిన రోజున నేను వైన్ రుచి చూసి చెప్పలేను, పక్కవాళ్లని అడుగుతాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

నీలిమేఘం

కళ్లు చెమర్చాయి. నాన్నగారికి ఇప్పుడెలా ఉంది?

గంధపుచెక్క

పూర్తిగా రాలేదండి. కాఫీ తెలుస్తోంది, నిమ్మ తెలుస్తోంది. గులాబీ ఇంకా రాలేదు. రోజూ చేస్తూనే ఉన్నారు.

మిరియాలపొడి

వెన్నెలబాట గారి బావగారికి మిగిలిన వైన్ పాడవుతోందన్నారు కదా. దానికి కోరవిన్ అనే పరికరం ఉందని విన్నాను, వాడినవాళ్లు చెప్తారా?

పాతసీసా

మేం రెస్టారెంట్లో వాడతాం. కార్క్ తియ్యకుండానే సన్నటి సూది దించి, ఆర్గాన్ వాయువు లోపలికి పంపి, గ్లాసు వైన్ బయటికి తెస్తుంది. 2013లో అమ్మకానికి వచ్చింది. సూది తీశాక కార్క్ మళ్లీ మూసుకుంటుంది, మిగతా వైన్ చాలా కాలం బాగుంటుంది. మంచి వస్తువు, కానీ ఆర్గాన్ గుళికలు అయిపోతుంటాయి, మళ్లీ మళ్లీ కొనాలి. ఇచ్చేటప్పుడు ఆ ఖర్చు కూడా వాళ్ల నెత్తిన పెడుతున్నామని గుర్తుండాలి. పాత పెళుసు కార్క్‌కి కూడా అది సరిపడదు.

దాని బదులు డబ్బు ఖర్చు లేని పద్ధతి ఒకటి చెప్తాను. 375 మిల్లీలీటర్ల ఖాళీ సీసా, మర మూత ఉన్నది, శుభ్రంగా కడిగి ఆరబెట్టి పెట్టుకోవాలి. పెద్ద సీసా తెరిచిన వెంటనే, తాగడం మొదలుపెట్టకముందే, అందులోకి అంచు దాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాలి. లోపల గాలికి చోటే లేదు కాబట్టి వారం దాటినా బాగుంటుంది. నేను ఇంట్లో చేసేది ఇదే.

సాయంకాలం

విమానంలో తీసుకెళ్లేవాళ్లు ఉంటే ఒక మాట. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం చాలా విమానాశ్రయాల్లో ఒప్పుకోరు, సీసా పెద్ద పెట్టెలోకే పోవాలి. నేను మందపాటి బట్టల మధ్య చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి పెడతాను. ఏ దేశంలోకి ఎన్ని సీసాలు తేనిస్తారో ముందే చూసుకోవాలి. ఎండలో ఆపిన కారులో మాత్రం గంట కూడా వదలకండి. నాకు అలా ఒకటి పోయింది. కార్క్ పైకి తన్నుకొచ్చి వైన్ కారింది, రుచి ఉడికిపోయిన పండులా అయింది.

వెన్నెలబాట

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. నిన్న పెళ్లిరోజు జరిగింది.

2000 పోర్ట్ ఒక చోట దొరికింది గానీ, మట్టం భుజం కిందికి ఉంది. ఎక్కడ ఉంచారని అడిగితే సరిగ్గా చెప్పలేదు. వదిలేశాను. పాతసీసా గారి మాట లేకపోతే కొనేసేవాణ్ని. 2001 సోటెర్న్ సగం సీసా మాత్రం నమ్మకమైన చోట దొరికింది. దాంతో రెండు రేకుల ఓపెనర్, రెండు గ్లాసులు.

అక్క కత్తిని రెండు రోజుల ముందు అడిగి తీసుకున్నాను. ఎందుకో చెప్పలేదు. సాన పట్టించి, పిడికి నూనె రాయించి తెచ్చాను. అరిగిన గుంటని మాత్రం ముట్టుకోవద్దన్నాను. సానరాయి కూడా పక్కన పెట్టి ఇచ్చాను.

అక్క కాగితం విప్పి తన కత్తి తనకే వచ్చిందేంటని నా మొహం చూసింది. ఏం మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లి ఒక టమాటా తెచ్చి కోసింది. కత్తి బరువుకే తొక్క తెగింది. ఇంకో ముక్క కోసింది. కాయ అయిపోయేదాకా కోస్తూనే ఉంది, ముక్కలు ఎంత పలచగా వచ్చాయంటే ప్లేటు మీద పువ్వు కనిపించింది. తర్వాత బావని పిలిచి ఆయన చేత ఇంకో టమాటా కోయించింది.

బావ మాత్రం ఓపెనర్ చేతిలో పెట్టుకుని చాలాసేపు రేకుల్ని వేలితో తడుముతూ కూర్చున్నారు. "ఆ రోజు నువ్వు చూశావా" అని ఒక్క మాట అడిగారు. సోటెర్న్ భోజనాల తర్వాత తెరిచారు. పొడుగు రేకు ముందు, తర్వాత పొట్టిది, అటూ ఇటూ ఊపుతూ. కార్క్ చివరి అంగుళం దగ్గర ఊపిరి బిగబట్టారు, మేమూ బిగబట్టాం. నల్లబడిన కార్క్ ఒక్క ముక్క రాలకుండా మొత్తం వచ్చింది. పెద్దమ్మాయికి చూపించి, "ఇది నీ వయసుది" అని దాని అరచేతిలో పెట్టారు. అక్క ఈసారి రుచి చూసి గ్లాసు తిరిగి ఇవ్వలేదు.